స్పైరోమెట్రీ సరిగ్గా జరిగిందో లేదో ఎలా చూసుకోవాలి?

విశాఖలో పోర్టు బొగ్గు దుమ్ము మధ్య బతికే ఓల్డ్ టౌన్ వాళ్లయినా, గాజువాక వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లయినా ఆయాసమని వెళ్తే డాక్టర్లు తరచుగా రాసే పరీక్ష స్పైరోమెట్రీ. మిషన్‌లోకి ఊదించి, ఊపిరితిత్తులు ఎంత గాలిని ఎంత వేగంగా వదులుతున్నాయో ఇందులో కొలుస్తారు. ఇందులో మిషన్ ఒక్కటే మంచిదైతే చాలదు. మీరు గట్టిగా ఊదాలి, టెక్నీషియన్ ఓపికగా ఊదించాలి. సరిగ్గా ఊదని పరీక్షను నమ్మి లేని జబ్బుకు ఇన్‌హేలర్ వాడటం, ఉన్న జబ్బును వదిలేయడం రెండూ ప్రమాదమే.

1. వెళ్లేముందు: ఏ ఇన్‌హేలర్ ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టర్నే అడగండి, సొంతంగా ఆపొద్దు. గంట ముందు నుంచీ పొగ తాగొద్దు. బీచ్ రోడ్డులో పరుగెత్తి నేరుగా ల్యాబ్‌కి వెళ్లొద్దు. ఈమధ్య గుండెపోటు వచ్చినా, కన్ను, మెదడు, ఛాతీ, పొట్ట ఆపరేషన్ జరిగినా తప్పకుండా చెప్పండి.

2. మిషన్ గురించి: ఈరోజు క్యాలిబ్రేషన్ (మిషన్ సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూడటం) చూశారా అని అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. 3 లీటర్ల సిరంజితో రోజూ సరిచూడాలి, తేడా 3 శాతం దాటకూడదు. ఎత్తు నోటితో చెప్పకండి, చెప్పులు విప్పి కొలిపించుకోండి. నార్మల్ ఎంతో లెక్కగట్టేది ముఖ్యంగా ఎత్తు, వయసు, ఆడా మగా అన్నవాటిని బట్టే.

3. ఊదడం: అసలు పరీక్షంతా ఇక్కడే ఉంది. నిటారుగా కూర్చుని, ముక్కుకి క్లిప్ పెట్టుకుని, మౌత్‌పీస్ చుట్టూ గాలి పోకుండా పెదాలు బిగించండి. ఊపిరి నిండుగా పీల్చి, తటపటాయించకుండా ఒక్కసారిగా ఊదండి. గాలి అయిపోయిందనిపించినా ఆపొద్దు. గ్రాఫ్ గీత చదునుగా మారేదాకా, లేదంటే 15 సెకన్ల దాకా ఊదుతూనే ఉండాలి. మొదటి సెకనులో దగ్గు వస్తే ఆ మొదటి సెకను కొలత లెక్కలోకి రాదు.

అమెరికా, యూరప్ శ్వాసకోశ సంఘాల 2019 ప్రమాణాల ప్రకారం కనీసం మూడు మంచి ప్రయత్నాలు కావాలి. పెద్దవాళ్లలో ఎఫ్‌వీసీ (గట్టిగా ఊదినప్పుడు బయటికొచ్చే మొత్తం గాలి), ఎఫ్‌ఈవీ1 (అందులో మొదటి సెకనులో వచ్చే గాలి) రెండింటిలోనూ అన్నిటికన్నా పెద్ద రెండు అంకెల మధ్య తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదు. కుదరకపోతే మళ్లీ ఊదాలి, మామూలుగా ఎనిమిది సార్ల వరకు. ఒక్కసారి ఊదించి "అయిపోయిందండీ" అంటే ఒప్పుకోవద్దు. కళ్లు తిరిగితే మాత్రం చెప్పి ఆగండి.

4. మందు తర్వాత: ఊపిరి గొట్టాలను వెడల్పు చేసే సాల్‌బ్యుటమాల్ మందు ఇచ్చి పరీక్షిస్తే, ఇచ్చాక 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదించాలి.

5. రిపోర్టు: అంకెలతోపాటు గ్రాఫ్‌లు, క్వాలిటీ గ్రేడ్ (పరీక్ష ఎంత సరిగ్గా జరిగిందో చెప్పే అక్షరం) అడగండి. 'A' గ్రేడ్ అన్నిటికన్నా మంచిది. 'F' వస్తే దాంతో వైద్యం మొదలుపెట్టకుండా పరీక్ష మళ్లీ చేయించమని అడగండి. పాత రిపోర్టులు దాచుకుని ప్రతిసారీ తీసుకెళ్లండి.