ఇంట్లో బీరు – ఆరో పాఠం: చేదా, వగరా?

కిందటి పాఠంలో నింపిన సీసాలకు ఈపాటికి రెండు వారాలు దాటి ఉంటాయి. మొదటి గుక్కకే మొహం ముడుచుకున్నవాళ్ల కోసం ఈ పాఠం. (ఇవి అమెరికాలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్న పాఠాలు. ఇంటి అవసరానికి బీరు చేసుకోవడానికి 1978 నాటి ఫెడరల్ చట్టం అక్కడ వీలు కల్పించింది. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా చేయడం నేరం.)

ముందుగా, చేదు విరగడానికని సీసాలో పంచదార వేయకండి. అందులో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. పంచదార దొరికితే గ్యాస్ పెరిగి సీసా పేలవచ్చు.

ఇప్పుడు రుచి చూద్దాం. ఇంగ్లీషులో చాలామంది చేదునీ వగరునీ కలిపి 'బిట్టర్' అనేస్తారు. ఉగాది పచ్చడి తిన్న నాలుకకి వేపపువ్వు వేరు, మామిడి పిందె వేరు. బీరులో తప్పు వెతకడానికి మనకున్న పెద్ద ఆధారం ఇదే. ఒక కప్పులో టీ బ్యాగు వేసి పది నిమిషాలు వదిలేయండి, పాలు పంచదార వద్దు. ఇంకో కప్పులో మెంతులు నానిన నీళ్లు. టీ తాగితే చిగుళ్లు పట్టేసి, నాలుక గరుగ్గా అవుతుంది. మెంతినీళ్లు అలా చేయవు, మింగాక కూడా చేదు మాత్రం మిగులుతుంది. మధ్యలో మంచినీళ్లు తాగి, బీరు ఈ రెండింటిలో దేనికి దగ్గరో చూడండి.

టీకి దగ్గరైతే తప్పు గింజల దగ్గర జరిగింది. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలు) మీద పోసే నీళ్లు 77 డిగ్రీల సెల్సియస్ దాటి, పీహెచ్ కూడా 6 దాటితే పొట్టులోని టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) దిగిపోతాయి. చివరి తీపి కూడా వదలకూడదని నీళ్లు పోస్తూనే ఉంటే పీహెచ్ అలాగే పెరుగుతుంది. కారే రసం గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే దాని చిక్కదనం) 1.010కి పడిపోగానే ఆపేయండి. మరీ మెత్తగా మరపట్టిన మాల్ట్ కూడా వగరు తెస్తుంది.

మెంతులకు దగ్గరైతే హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) చూడాలి. ఒకసారి నాకు అలవాటైన రకం దొరక్క ఇంకో రకం తెచ్చి, ఎప్పటిలాగే 28 గ్రాములు వేశాను. పాత ప్యాకెట్ మీద ఆల్ఫా (చేదునిచ్చే ఆమ్లాలు) 6 శాతం, కొత్తదాని మీద 13. నేను చూసుకోలేదు. లెక్క ఇలా వేయండి: గ్రాములు × ఆల్ఫా శాతం × 2.5, దాన్ని లీటర్లతో భాగించాలి. గంటసేపు మరిగిస్తే హాప్స్ చేదులో సుమారు పావు వంతు దిగుతుందన్న అంచనా మీద వచ్చిందే ఆ 2.5. 19 లీటర్లకు పాతదానితో 22 ఐబీయూ (బీరు చేదుకి కొలత), కొత్తదానితో 48! ఒకే రకంలో కూడా పంటను బట్టి ఆల్ఫా మారుతుంది, కాబట్టి ప్రతి ప్యాకెట్ చదవాల్సిందే. స్టవ్ కట్టేశాక కూడా వోర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం) వేడిగా ఉన్నంతసేపు చేదు దిగుతూనే ఉంటుంది, త్వరగా చల్లార్చండి.

నీళ్లలో జిప్సమ్ (కాల్షియం సల్ఫేట్) ఎక్కువైనా చేదు పదునుగా తెలుస్తుంది. సీసా అడుగు మడ్డి గ్లాసులోకి వచ్చినా చేదే, కింద వేలెడు బీరు వదిలి వంచితే సరి.

ఈ సీసాల్ని ఫ్రిజ్‌లో నెల రోజులు కదపకండి. టానిన్లు కొంత అడుగుకు దిగుతాయి, వగరు తగ్గుతుంది. హాప్స్ చేదు అంత త్వరగా తగ్గదు. గ్లాసులో సగం తేలికపాటి బీరు కలుపుకుని తాగండి.

వచ్చే పాఠంలో నీళ్ల సంగతి. ఈలోగా మీ ఊరి నీటి రిపోర్టులో సల్ఫేట్, క్లోరైడ్ అంకెలు రాసి పెట్టుకోండి.