చేపల వేటకు ముందు గాలం డబ్బాలో జాగ్రత్తలు

హైదరాబాద్ నుంచి సింగూరు వైపు వెళ్తుంటే డబ్బా ముందురోజు రాత్రే సర్దుకోండి.

• గాలపు ముళ్లు విడిగా పడేయొద్దు. సైజు వారీగా చిన్న డబ్బీల్లో, మొనలు థర్మోకోల్ ముక్కకు గుచ్చి పెట్టండి. తడిసినవి బాగా ఆరాకే లోపలికి వెళ్లాలి. తేమ ఉంటే కొత్త ముళ్లూ తుప్పు పడతాయి.

• నైలాన్ దారాన్ని రెండు వేళ్ల మధ్య లాగి చూడండి. గరుకు తగిలిన చోటిదాకా కోసేయండి, మొహమాటం వద్దు. ముడి బిగించే ముందు తడపండి, లేకపోతే రాపిడి వేడికి దారం బలం తగ్గిపోతుంది.

• కొరమీనుకు పదునైన పళ్లు, జెల్లకు గుచ్చుకునే ముళ్లు. నోట్లోంచి గాలం తీయడానికి నోస్ ప్లయర్ (సన్నమూతి పటకారు) తప్పనిసరి.

• నీటిపై తేలే బెండ్లు, దారాన్ని ముంచే సీసం గుండ్లు, కత్తెర, డెటాల్, బ్యాండేజీ కూడా పెట్టుకోండి.

• కార్బన్ రాడ్‌లో (గాలపు కర్రలో) కరెంటు పారుతుంది. పైన కరెంటు తీగలుంటే రాడ్ విప్పనే వద్దు.

• మంజీర అభయారణ్యంలో మొసళ్లుంటాయి. అక్కడ గాలం వేయకండి.