వనామీ మేతలో ఫిష్‌మీల్ తగ్గించుకునే పద్ధతి

వనామీ రకం రొయ్యల సాగు ఖర్చులో దాదాపు సగం మేతకే పోతుంది. ఆ మేతలోని ఖరీదైన దినుసుల్లో ఫిష్‌మీల్, అంటే చేపల పొడి, ఒకటి. 2023లో ఎల్ నినో కారణంగా పెరూ దేశం ఫిష్‌మీల్‌కు ముడిసరుకైన ఆంచోవీ చేపల తొలి వేట సీజనును రద్దు చేసినప్పుడు ఫిష్‌మీల్ ధర ప్రపంచమంతటా పెరిగింది. మనుషులు తినదగిన కవళ్లు అనే చేపలు ఫిష్‌మీల్ మరకు తరలిపోవడం కూడా బాధ కలిగించే విషయమే. అయితే ఫిష్‌మీల్ తీసేసి అంతే బరువు సోయా చెక్క కలిపితే ఎదుగుదల మందగిస్తుంది. అందుకే సొంతంగా మేత తయారుచేసుకునేవారు ఫిష్‌మీల్‌తో పాటు ఏమేమి పోతున్నాయో ముందుగా లెక్క వేసుకోవాలి.

టన్ను మేతలో 200 కిలోల ఫిష్‌మీల్ వాడుతున్నారనుకుందాం. తొలి విడతలో అందులో నాలుగో వంతు, అంటే 50 కిలోలు మాత్రమే తగ్గించాలి. సరుకులో 60 శాతం ప్రోటీన్ ఉంటే తగ్గేది 30 కిలోల ప్రోటీన్. 46 శాతం ఉన్న సోయా చెక్కతో దాన్ని పూడ్చాలంటే సుమారు 65 కిలోలు కావాలి. అదనపు 15 కిలోలను తవుడులో తగ్గించుకోవాలి గాని గోధుమపిండిలో కాదు, ఎందుకంటే గుళికను నీటిలో విడిపోకుండా పట్టి ఉంచేది గోధుమలోని జిగురే. ఇంత చేసినా ఎదుగుదలకు అవసరమైన మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం చాలదు. ఫిష్‌మీల్‌లో అది సుమారు 1.7 శాతం, సోయాలో 0.6 శాతం కాబట్టి టన్నుకు సుమారు 460 గ్రాముల లోటు వస్తుంది. రొయ్య గుళికను ఒక్కసారిగా మింగక కాళ్లతో పట్టుకుని కొరుక్కు తింటుంది. ఆలోగా మామూలు మెథియోనిన్ పొడి నీటిలో కరిగిపోతుంది కనుక పూత పూసిన రకాన్నే ఎంచుకోవాలి.

చాలామంది మరచిపోయేది కొలెస్ట్రాల్. రొయ్య దాన్ని తన శరీరంలో తయారుచేసుకోలేదు, మొక్కల దినుసుల్లో అది దాదాపు ఉండదు, అది లేనిదే గుల్ల విడవడం సరిగా సాగదు. ఫిష్‌మీల్ బాగా తగ్గించినప్పుడు కొద్దిగా కొలెస్ట్రాల్, సోయా లెసిథిన్, చేపనూనె చేర్చక తప్పదు. ఫాస్ఫరస్ కోసం డైకాల్షియం కంటే మోనోకాల్షియం ఫాస్ఫేట్ మేలు, రొయ్య కడుపులో ఆమ్లం తక్కువ కాబట్టి మొదటిది సరిగా కరగదు. రుచి తగ్గకుండా ఒకటి రెండు శాతం స్క్విడ్ పొడి కలిపితే గుళికల దగ్గరికి రొయ్యలు త్వరగా చేరతాయి.

దినుసుల విషయానికొస్తే, సోయా చెక్క సరిగా వేగినదై ఉండాలి, పచ్చిగా ఉంటే అందులోని ట్రిప్సిన్ నిరోధకాలు జీర్ణాన్ని అడ్డుకుంటాయి. వేరుశనగ చెక్కకు బూజు పడితే వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం రొయ్య జీర్ణగ్రంథి అయిన హెపటోపాంక్రియాస్‌ను దెబ్బతీస్తుంది, కాబట్టి పరీక్ష చేయించనిదే కొనకూడదు. పత్తి గింజల చెక్కలో గాసిపాల్ అనే విష పదార్థం ఉంటుంది కనుక కొంచెమే వాడాలి. కోళ్ల వ్యర్థాలతో చేసిన పొడి ప్రోటీన్‌లో ఫిష్‌మీల్‌కు దగ్గరగా ఉంటుంది, కానీ ఈకలు ఎక్కువ కలిసిన సరుకు అరగదు. పైగా మీ రొయ్యలు కొనే ఎగుమతిదారుకు అది సమ్మతమో కాదో ముందే అడగాలి. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగుల పొడి వాడేటప్పుడు కొవ్వు తీసినదే తీసుకోవాలి. రొయ్య తలల పొడిని మాత్రం నేను సిఫారసు చేయను, సరిగా ఉడకకపోతే వ్యాధి మళ్లీ చెరువుకే చేరుతుంది. ఏ దినుసు కొన్నా ల్యాబ్ నివేదికలో ప్రోటీన్‌తో పాటు యూరియా కల్తీని, ఇసుకను కూడా చూడాలి, ఎందుకంటే ప్రోటీన్‌ను నైట్రోజన్‌ను బట్టి లెక్కగడతారు, యూరియా కలిపినా అది ఎక్కువగానే కనిపిస్తుంది.

కొత్త మేతను ఒకే హేచరీ సీడ్, ఒకే సాంద్రత ఉన్న రెండు చెరువుల్లో ఒకదానికే ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు పోల్చాలి. ముందుగా గుళికలను గ్లాసు నీటిలో వేసి రెండు గంటలు ఆకారం నిలుపుకుంటున్నాయో లేదో చూడాలి. తర్వాత చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసేందుకు చెరువులో దించే పళ్లెం) మిగిలిన మేతను రోజూ, విసురు వలతో పట్టిన రొయ్యల సగటు బరువును వారానికోసారి రాసుకోవాలి. రెండు చెరువుల ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్య పెరగడానికి పట్టిన మేత కిలోలు) సమానంగా ఉండి, గుల్ల గట్టిగా ఉన్నప్పుడే మరో 50 కిలోల ఫిష్‌మీల్ తగ్గించాలి.