మూడింటికి కత్తెర పట్టుకోను

మా ఇంటి ముందు గదిలోనే నా కుట్టుమిషన్. రాజమండ్రిలో పదిహేడేళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. వంట, అంట్లు, బట్టలు, అత్తయ్యగారి మందులు, వీటి మధ్యలోనే కుట్టుపని. ఐదేళ్ల క్రితం ఒక పెళ్లి ఆర్డరులో, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, వెనక మెడకి పెట్టాల్సిన 9 అంగుళాల లోతు ముందు భాగానికి పెట్టి కత్తిరించేశాను. పట్టుచీరతో వచ్చిన ముక్క అది, అలాంటిది ఇంకోటి దొరకదు. డబ్బు కట్టాను గానీ ఆ పెళ్లికూతురి మొహం ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటినుంచే ఏ పని ఏ వేళ చేయాలో చూసుకోవడం మొదలుపెట్టాను.

మీరు చేయాలనుకుంటే మొదటి వారం ఏ పనీ మార్చకండి. పాల లెక్క రాసుకునే కేలండర్ గోడకి ఉంటుంది కదా. రోజూ ఉదయం ఆరింటికి, పదకొండింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి ఏడింటికి ఓపిక ఎంత ఉందో ఐదుకి ఇన్ని అని ఆ గడిలో వేసుకోండి. నాకు ఆరింటికి 4, పదకొండింటికి 5, మూడింటికి 1, ఏడింటికి 3 వచ్చేవి. భోజనం ఎక్కువై మగత వస్తోందేమోనని రెండు రోజులు మజ్జిగన్నంతో సరిపెట్టాను. కాస్త తగ్గింది గానీ పోలేదు. ఎందుకంటే ఆ మగత తిండి వల్ల మాత్రమే రాదు, ఒంట్లో ఉన్న గడియారం వల్ల కూడా వస్తుంది. ఆ గడియారం మన కణాల్లో ఎలా నడుస్తుందో తేల్చిన ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకి 2017లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఆ సంగతి తెలిశాక నన్ను నేను బద్ధకస్తురాలినని తిట్టుకోవడం మానేశాను.

ఇప్పుడు పనుల్ని విడదీయండి. బుర్ర పెట్టాల్సినవి ఒకవైపు, చేతులాడితే చాలనిపించేవి ఇంకోవైపు. కటింగ్, కొలతలు, నెల సరుకుల లెక్క, బ్యాంకు పని, ఇవన్నీ నాకు తొమ్మిదిన్నర నుంచి పన్నెండు లోపే. ఆ టైములో ఫోన్ కూడా వంటింట్లో పెట్టేస్తాను. మూడింటికి హుక్కులు కుట్టడం, హెమ్మింగ్, చింతపండులో గింజలు తీయడం, వెల్లుల్లి ఒలవడం. వాటిలో తప్పు జరిగినా విప్పి మళ్లీ చేసుకోవచ్చు. కత్తిరించిన బట్టని అతికించలేం.

ఆ పనులకి కూర్చునే ముందు అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు నడుం వాలుస్తాను. గంట పడుకుంటే లేచాక తల దిమ్ముగా ఉండి సాయంత్రమంతా పాడవుతుంది. ఇది మాత్రం గట్టిగా చెబుతాను: పడుకోవడం, వేళకి తినడం పని చేసినందుకు మనకి మనం ఇచ్చుకునే బహుమతులు కావు. పని పూర్తయితేనే తింటాను అని ఎవరూ పెట్టుకోకూడదు. మన ఇళ్లలో ఆడవాళ్లు ఇప్పటికే అలా చాలా చేస్తున్నారు.

బహుమతి అంటే లేకపోయినా బతకగలిగేది, ఉంటే మనసుకి బాగుండేది. నాకు అంట్లు తోమడమంటే అస్సలు పడదు. అందుకే టిఫిన్ అంట్లకీ నా రెండో కాఫీకీ ముడి పెట్టాను. డికాషన్ దిగి ఉంటుంది, పాలు గిన్నెలో ఉంటాయి, సింకు ఖాళీ అయ్యేదాకా స్టవ్ వెలిగించను. తర్వాత గ్లాసు పట్టుకుని పెరటి మెట్ల మీద పది నిమిషాలు. నచ్చని పని ముందు, నచ్చింది వెనక. డేవిడ్ ప్రీమాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో ఈ సూత్రం గురించే రాశారు. హోంవర్క్ అయ్యాకే ఆట అని మా అమ్మ చెప్పిందీ అదే.

బహుమతి వెంటనే అందాలి. నెలాఖరుకి చీర కొనుక్కుంటానని ఒకసారి అనుకున్నాను, పదో తారీఖుకే పట్టు సడలిపోయింది. అటక సర్దడం లాంటి పెద్ద పనైతే అరగంట ముక్కలు చేసుకోండి, ముక్కకో కాజా. మాకు తాపేశ్వరం దగ్గరే. సాయంత్రం మాత్రం కాఫీ పెట్టుకోవద్దు. తాగిన ఐదు గంటలకి కూడా అందులోని కెఫీన్ సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది, నిద్ర చెడితే తెల్లారి ఆరింటి 4 కాస్తా 2 అవుతుంది. బట్టలు మడతపెట్టేటప్పుడు నాకు పాత పాటలే బహుమతి. వేరే టైములో అవి పెట్టను.

ఇంట్లో అందరికీ మార్కులు వేయించండి. అత్తయ్యగారికి డెబ్భై నాలుగేళ్లు. "నాలుగింటికే మెలకువ వచ్చేస్తోందమ్మా, ఆ గోంగూర నాకిచ్చెయ్, దూసి పెడతాను" అన్నారు. ఇంటర్ చదివే మా అమ్మాయికి రాత్రి పదింటికి హుషారు, అందుకే రాత్రి అంట్లు తనవి. పొద్దున్నే లేపి పని చెప్పిన రోజుల్లో ఇద్దరికీ గొడవే అయ్యేది.

ఎండలు మొదలైతే మళ్లీ ఒక వారం రాయండి. మే నెలలో నా పదకొండింటి 5 ఉండదు, కటింగ్ పొద్దున ఏడింటికి జరిగిపోతుంది, ఉక్కకి మధ్యాహ్నం మిషన్ జోలికే వెళ్లను. జ్వరం వచ్చినా, నెలసరి నొప్పి ఉన్నా ఆ రోజుకి మూడే పనులు: నీళ్లు పట్టడం, అన్నం వండడం, అంట్లు నానబెట్టడం. కాఫీ మాత్రం ఆ రోజు ముందే తాగేస్తాను.