"అతను" అంటే ఎవరు? హైస్కూలు పిల్లలకు సర్వనామాలు నేర్పే పద్ధతి

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని సర్వనామం అంటే ఏమిటని అడిగితే "నామవాచకానికి బదులుగా వాడేది" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. వాళ్లే ఓ పేజీ రాస్తే మూడో వాక్యం నుంచి ఎవరు ఎవరికి ఏం చేశారో అంతుపట్టదు. అందుకని నిర్వచనం జోలికి వెళ్లకుండా, ఇలాంటి వాక్యాలు బోర్డు మీద రాసి పాఠం మొదలుపెట్టండి:

"సురేష్, కిరణ్ విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లారు. అతని సెల్‌ఫోన్ ఇసుకలో పడిపోయింది. అతను కంగారుపడి వాళ్ల నాన్నకి చెప్పాడు."

ఫోన్ ఎవరిదని అడిగి చేతులెత్తమనండి. క్లాసు రెండుగా చీలిపోతుంది. ఫోన్ పోయినవాడు, చెప్పినవాడు ఒకరేనా అని అడిగితే మళ్లీ చీలుతుంది. ఇక "వాళ్ల నాన్న" సంగతి. తెలుగులో ఒక్క కుర్రాడి తండ్రిని కూడా వాళ్ల నాన్న అనే అంటాం. ఇద్దరు కుర్రాళ్ల పక్కన ఆ మాట పడేసరికి వాళ్లిద్దరూ అన్నదమ్ములన్నట్టు తయారైంది. ఇప్పుడు బాగుచేసి చూపించండి: "సురేష్ సెల్‌ఫోన్ ఇసుకలో పడిపోయింది. కిరణ్ తన ఫోన్ నుంచి సురేష్ వాళ్ల నాన్నకి చెప్పాడు."

ఆ తర్వాత పని అంతా పిల్లల సొంత రాతల మీదే జరగాలి. పాఠ్యపుస్తకంలో వాక్యాలు ముందే సరిగ్గా ఉంటాయి, వాటిలో దొరికే తప్పులేం ఉండవు. 45 నిమిషాల పీరియడ్ అయితే మొదటి 10 నిమిషాల్లో ఎనిమిది, పది వాక్యాలు రాయించండి. కనీసం ఇద్దరు మనుషులు, ఒక వస్తువు ఉండే సంఘటన కావాలి. పూర్ణా మార్కెట్‌లో బేరం, గల్లీ క్రికెట్‌లో రనౌట్ గొడవ, ఏదైనా పర్వాలేదు. తర్వాత పక్కబెంచీ వాళ్లతో నోట్‌బుక్కులు మార్పించండి. చదివేవాళ్లు ప్రతి సర్వనామం చుట్టూ సున్నా చుట్టి, అది ఏ పేరుకు బదులుగా వచ్చిందో ఆ పేరు దాకా బాణం గీయాలి. రెండు పేర్లకు బాణం వెళ్లగలిగితే ప్రశ్నార్థకం పెట్టాలి. ఈ సేపంతా రాసినవాళ్లు నోరు మెదపకూడదు. ఈ ఒక్క నియమం సడలిస్తే పాఠం పాడవుతుంది. "అంటే నా ఉద్దేశం కిరణ్ అని" అంటూ పక్క నుంచి అందించేస్తే, ఆ సంగతి తన తలలోనే ఉండిపోయిందనీ కాగితం మీదికి రాలేదనీ ఆ పిల్లవాడికి ఎప్పటికీ తెలియదు. మిగిలిన టైములో ప్రశ్నార్థకం పడిన చోట్లు మాత్రమే తిరగరాయించండి. బాణం పేరా గీత దాటి పైకి వెళ్తే అక్కడ కూడా పేరు మళ్లీ రాయాలి.

సున్నాలు చుట్టేటప్పుడు కంటికి కనపడని సర్వనామాలు తప్పించుకుంటాయి. తెలుగులో క్రియ తోకే కర్తను మోస్తుంది కాబట్టి "అతను" అనకుండా "వచ్చాడు" అని సరిపెట్టేస్తాం. చాలాసార్లు ఏ ఇబ్బందీ ఉండదు. ఈ రెండూ పక్కపక్కన రాసి చూపించండి:

"రాజు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో సింహాచలం బస్సు కోసం చూస్తున్నాడు. చాలా ఆలస్యంగా వచ్చింది."
"లక్ష్మి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో సింహాచలం బస్సు కోసం చూస్తోంది. చాలా ఆలస్యంగా వచ్చింది."

మొదటిదాంట్లో ఆలస్యం బస్సుదే. రెండోదాంట్లో బస్సుదో లక్ష్మిదో చెప్పలేం. ఏకవచనంలో ఆడవాళ్లకీ వస్తువులకీ క్రియ తోక ఒకటే: ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో వచ్చారు, వచ్చాయి అని విడిపోతాయి కాబట్టి అక్కడ చిక్కు లేదు. ఒక అమ్మాయి, ఒక వస్తువు లేదా జంతువు పక్కపక్కన ఉన్నప్పుడు కర్తను వదిలేయకూడదని ఇక్కడ గట్టిగా చెప్పండి. కర్త లేని క్రియ కనపడితే మార్జిన్‌లో ఆ కర్త పేరు రాయించడం మంచి అలవాటు.

అన్నిటికంటే ఎక్కువ టైము తీసుకునేది "తను". రాతలో దీని పని స్పష్టమే, ఆ వాక్యంలో పని చేసినవాళ్ల వైపు తిరుగుతుంది. "సురేష్ కిరణ్‌ని తన సైకిల్ మీద దింపాడు" అంటే సైకిల్ సురేష్‌ది. "అతని సైకిల్ మీద" అంటే కిరణ్‌దో, ఇంకెవరిదో. ఈ తేడా చెప్పగానే పట్టుకుంటారు. చిక్కంతా మాటల్లో వచ్చిన అలవాటుతో. తోటి అమ్మాయిని "ఆమె" అంటే పెద్దావిడ అన్నట్టుంటుంది, "అది" అంటే మోటుగా ఉంటుంది. మధ్యలో "తను" దొరికింది. ఎదురుగా మాట్లాడుతుంటే చూపుతో, గొంతుతో సరిపోతుంది. రాస్తే "శైలజ రమ్యని అడిగింది. తను ఒప్పుకోలేదు" దగ్గర ఆగిపోతాం. రాతలో "తను"ని అదే వాక్యంలోని కర్తకే వదిలిపెట్టి, అమ్మాయిలకు పేరో "ఆమె"నో వాడమనండి. పదహారేళ్ల క్రీడాకారిణిని కూడా పత్రికలు "ఆమె" అనే రాస్తాయని చెబితే ఆ బెట్టు కాస్త తగ్గుతుంది.

ఇంగ్లీషు మీడియం పిల్లల దగ్గర ఇంకో తప్పు తరచూ కనపడుతుంది. కిరణ్ స్వయంగా వస్తానని చెప్పిన సంగతిని "కిరణ్ అతను వస్తాడని చెప్పాడు" అని రాస్తారు. తెలుగు చదివేవాళ్లకు అక్కడ వచ్చేది మూడో మనిషి. కిరణే వచ్చేటట్టయితే "కిరణ్ తను వస్తానని చెప్పాడు" అనాలి, లేదా "తను" కూడా తీసేసి "కిరణ్ వస్తానని చెప్పాడు" అంటే చాలు. "వస్తాను", "వస్తాడు" అన్న తోకలే మనిషిని తేలుస్తున్నాయని పక్కపక్కన రాసి చూపించండి. "నేను"తో మాత్రం జాగ్రత్త. "కిరణ్ నేను వస్తానని అనుకున్నాడు" అన్న వాక్యంలో వచ్చేది కిరణో, రాసినవాడో తెలియదు. కొటేషన్ గుర్తులు పెట్టించండి, లేదా "నేనొస్తానేమోనని కిరణ్ ఎదురుచూశాడు" అని వాక్యాన్నే మార్పించండి.

మనం, మేము తేడా ఉత్తరాలు రాయించేటప్పుడు చెప్పడం తేలిక. చదివేవాళ్లు కూడా అందులో ఉంటే మనం, లేకపోతే మేము. మున్సిపల్ కమిషనర్‌కి "మన వీధికి పార్కు కావాలి" అని రాస్తే కమిషనర్ గారు ఆ వీధిలోనే కాపురం ఉంటున్నట్టు. "మా వీధికి" అనాలి.

వస్తువులు రెండైనప్పుడు "అది" ఎంత పని చెడగొడుతుందో చూపించడానికి బీచ్ రోడ్డే చాలు:

"బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది. దాని ఎదురుగా టీయూ 142 విమానం ఉంది. అది 1969లో నౌకాదళంలో చేరింది. దాన్ని 2017లో మ్యూజియంగా తెరిచారు."

1969 జలాంతర్గామిది, 2017 విమానానిది. రెండూ చూసొచ్చిన పిల్లలు కూడా ఇది చదివి రెండు సంవత్సరాల్నీ విమానానికే అంటగడతారు, దగ్గరలో ఉన్నది అదే మరి. మందు చిన్నదే: "జలాంతర్గామి 1969లో", "విమానాన్ని 2017లో" అని పేరు మళ్లీ రాయడం. పిల్లలు ఒప్పుకోరు. ఒకే మాట రెండుసార్లు రాస్తే తప్పని కింది తరగతుల్లోనే ఎవరో చెప్పి ఉంటారు. అయోమయం కంటే పునరుక్తి మేలని మీరే తేల్చి చెప్పాలి. ఇలాగే ఓ పేరా అంతా అయ్యాక "అది నాకు నచ్చలేదు" అని ముగిస్తారు. ఏది? వర్షం పడడమా, మ్యాచ్ ఆగడమా? "మ్యాచ్ ఆగడం నాకు నచ్చలేదు" అని పనికి పేరు పెట్టమనండి.

గౌరవం విషయంలో ఒక్క మాట చాలు. తాతయ్య గురించి రాస్తూ "ఆయన వచ్చారు", "అతను చెప్పాడు", "వారు నవ్వారు" అని మూడు రకాలుగా రాస్తే ముగ్గురు మనుషులైపోతారు. మొదటి వాక్యంలో ఏది ఎంచుకుంటే చివరిదాకా అదే.

వాడు, వాళ్లు అనడానికి ఆడు, ఆళ్లు అని రాసే పిల్లలు మన విశాఖ వైపు ఉంటారు. ఈ పాఠంలో దాన్ని దిద్దకండి. బాణం సరిగ్గా వెళ్లాలే గానీ "వాడు" ఎంత స్పష్టమో "ఆడు" కూడా అంతే స్పష్టం. ఇంటి భాషని ఇక్కడే ఎర్రసిరాతో కొడితే ఆ పిల్లలు రాయడమే తగ్గించేస్తారు. ఎర్రసిరా వాడాల్సిన చోట కూడా "సర్వనామ దోషం" అని రాయకుండా మార్జిన్‌లో "ఎవరు?" అనో, "ఏది?" అనో ఒక్క ముక్క రాసి వదిలేయండి. జవాబు వాళ్లే వెతుక్కుంటారు.

రెండు మూడు వారాలకు ఇంకో అతి మొదలవుతుంది. "సురేష్ లేచాడు. సురేష్ పళ్లు తోముకున్నాడు. సురేష్ బడికి వెళ్లాడు." అప్పుడు ఆట తిరగేయండి. పేర్లను ఒక్కొక్కటే కొట్టేస్తూ పోవాలి, ఏ పేరు తీస్తే బాణం తడబడుతుందో దాన్ని మాత్రం తిరిగి పెట్టాలి. పై మూడు వాక్యాల్లో ఒక్క పేరే మిగులుతుంది: "సురేష్ లేచి, పళ్లు తోముకుని బడికి వెళ్లాడు." లేచి, తోముకుని అన్నవాటికి, చివర వచ్చే "వెళ్లాడు"కి కర్త ఒక్కరే కాబట్టి అక్కడ సర్వనామం కూడా అక్కర్లేదు. మధ్యలో వాళ్లమ్మ వచ్చి టిఫిన్ పెట్టిందనుకోండి, "సురేష్ లేచి, అమ్మ టిఫిన్ పెట్టి, బడికి వెళ్లాడు" అని రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆ వాక్యాన్ని బోర్డు మీదికెక్కించి, టిఫిన్ పెట్టిందెవరు, బడికి వెళ్లిందెవరు అని బాణాలు గీయించండి.