ఇరుకు చానెల్లోకి దిగేముందు చార్టు మీద తేల్చుకోవాల్సిన లెక్కలు

హైదరాబాద్‌లో ఉండి మేట్ (ఓడ అధికారి) పరీక్షకు చదివేవాళ్లు విశాఖ రేవు చార్టు, అంటే ఓడలు నడపడానికి వాడే సముద్ర పటం, ముందేసుకుని సాధన చేయండి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా ఇన్నర్ హార్బర్‌కు వెళ్లే ఇరుకు దారిలో నేర్చుకోవాల్సిందంతా ఉంది.

ముందుగా డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు ఇచ్చే సవరణలన్నీ చార్టులో ఎక్కాయో లేదో చూడాలి. తవ్విన చానెల్లో ఇసుక మేట వేస్తుంది కాబట్టి తాజా లోతులు పోర్టునే అడగాలి.

ఎక్కువమంది తప్పేది లోతు దగ్గరే. చార్టులో 11 మీటర్లుంది, ఆ వేళకు పోటు 1.2 అనుకుందాం. మొత్తం 12.2. డ్రాఫ్ట్, అంటే ఓడ నీళ్లలో మునిగి ఉండే లోతు, 10.5 అయితే 1.7 మీటర్లు మిగులుతుందనిపిస్తుంది. కానీ కదిలే ఓడ నీళ్లలోకి ఇంకాస్త దిగుతుంది. దీన్నే స్క్వాట్ అంటారు. ఇరుకు నీళ్లలో దీని సుమారు లెక్క: వేగాన్ని నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లు) తీసుకుని వర్గం చేసి, బ్లాక్ కోఎఫిషియంట్‌తో (ఓడ మునిగిన భాగం పెట్టె ఆకారానికి ఎంత దగ్గరో చెప్పే సంఖ్య) గుణించి, 50తో భాగించాలి. కోఎఫిషియంట్ 0.8 అయితే 10 నాట్ల దగ్గర 1.6 మీటర్లు. అంటే అడుగున మిగిలేది 10 సెంటీమీటర్లే! 6 నాట్లకు తగ్గిస్తే స్క్వాట్ 0.6కు పడిపోయి 1.1 మీటరు మిగులుతుంది. మలుపులో ఓడ ఒరిగితే ఇది కూడా తరుగుతుంది: 32 మీటర్ల వెడల్పున్న ఓడ 2 డిగ్రీలు ఒరిగితే ఒక అంచు దాదాపు 0.55 మీటర్లు కిందికి దిగుతుంది.

ఎక్‌డిస్‌లో (ఓడలోని ఎలక్ట్రానిక్ చార్టు యంత్రం) సేఫ్టీ కాంటూర్, అంటే దాటకూడని లోతు గీత, 12 మీటర్లని పెట్టినా, చార్టులో 10, 20 మీటర్ల గీతలే ఉంటే అది 20ని ఎంచుకుంటుంది. అప్పుడు చానెల్ మొత్తం ప్రమాదంగా కనబడి అలారాలు మోగుతూనే ఉంటాయి. వాటిని ఆపేసి ముందుకెళ్లడం మంచిది కాదు. వెళ్లకూడని చోట్లను చేత్తో గీసి పెట్టుకోండి.

తర్వాత కోర్సు గీతలు, ప్రతి మలుపుకూ చుక్కాని తిప్పాల్సిన చోటు గుర్తించాలి. ఆ చోటు మలుపుకన్నా ముందే ఉంటుంది, ఎంత ముందన్నది ఆ ఓడ తిరిగే వ్యాసార్థాన్ని బట్టి. బోయాలు గొలుసు నిడివి మేర జరుగుతాయి, ఒక్కోసారి తెగి కొట్టుకుపోతాయి కూడా. అందుకే రాడార్ పారలల్ ఇండెక్స్‌ను, అంటే రాడార్ తెర మీద కోర్సుకు సమాంతరంగా గీసుకునే గీతను, ఒడ్డునున్న స్థిరమైన రాయికో, బ్రేక్‌వాటర్ కొసకో కట్టాలి.

వెనక్కి మళ్లడానికి ఆఖరి అవకాశమున్న చోటును మరువకుండా గీయండి. రేవులో దారి చూపే పైలట్ ఓడ ఎక్కగానే ఈ గీతలన్నీ చూపించి, ఆయన దారితో పోల్చుకోవాలి. రాక ఆలస్యమైతే పోటు ఎత్తు మారుతుంది, లోతు లెక్క మొదటినుంచీ మళ్లీ వేయాలి.