అమెరికా కళాశాల జట్టును ఎంచుకోవడం ఎలా?

తిరుపతి తారకరామ స్టేడియంలో తెల్లవారకముందే పరుగు సాధనకు వచ్చే పిల్లల తల్లిదండ్రులు, అమెరికాలో చదువూ ఆటా కలిసి సాగాలని తలచినప్పుడు మొదట అడిగేది స్కాలర్‌షిప్ గురించే. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, ఆ జట్టులో మన బిడ్డకు పోటీకి దిగే వీలుంటుందా అన్నదే. నాలుగేళ్లూ బెంచీ మీద కూర్చున్న పిల్లలకు ఆట మీది ఇష్టమే సన్నగిల్లుతుంది.

అక్కడ ఎన్‌సీఏఏ అనే సంఘం కింద కళాశాలలు మూడు డివిజన్లుగా ఉన్నాయి. మొదటి రెండింటిలో క్రీడా స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు, మూడవ దానిలో ఇవ్వరు. అయితే చదువులోని ప్రతిభకు సాయం చేసే కళాశాలలు అందులో చాలానే ఉన్నాయి. హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ సంస్థలు మొదటి డివిజన్‌లో ఉండి కూడా క్రీడా స్కాలర్‌షిప్ ఇవ్వవు కాబట్టి, డివిజన్ అంకెను బట్టి డబ్బు లెక్క వేసుకోకూడదు. ఇవి కాక ఎన్‌ఏఐఏ అనే వేరే సంఘమూ, రెండేళ్ల కళాశాలల కోసం ఎన్‌జేసీఏఏ కూడా ఉన్నాయి. కబడ్డీ, క్రికెట్, బ్యాడ్మింటన్ ఆడే పిల్లలకు ఎన్‌సీఏఏ పోటీలలో చోటు లేదు.

స్థాయిని తేల్చేది టైమింగే. చంద్రగిరి నుంచి మొదటి బస్సుకు కూతురిని తీసుకువచ్చే ఒక తల్లి, చెమటకు తడిసి అట్ట మెత్తబడిన నోటుపుస్తకంలో ప్రతి పరుగునూ రాసిపెడుతుంది. అందులో 100 మీటర్లకు స్టాప్‌వాచ్ చూపిన 12.4 సెకన్లను, చేత్తో నొక్కడం వల్ల వచ్చే తేడాకు 0.24 కలిపి, 12.64 గానే చూసుకోవాలి. ఆ తరువాత కళాశాల వెబ్‌సైట్‌లో గత సీజన్ ఫలితాలు తెరిచి, జట్టులో అందరికన్నా ముందున్న అమ్మాయితో కాక, నాలుగో, ఐదో స్థానంలో ఉన్నవారితో పోల్చాలి. వారికి దగ్గరగా ఉంటే ఆ స్థాయి సరిపోతుంది. చాలా వెనుకబడి ఉంటే పేరు ఎంత గొప్పదైనా దానిని పక్కన పెట్టడమే మంచిది.

మొదటి రెండు డివిజన్లకు తొమ్మిదో తరగతి నుంచి చదివిన 16 ప్రధాన కోర్సులను (ఇంగ్లిష్, గణితం, సైన్స్ వంటి సబ్జెక్టులను) అర్హతకు లెక్కిస్తారు గనుక, పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలతో పాటు తొమ్మిదో తరగతిదీ భద్రపరచాలి. కోచ్‌కు రాసే ఈమెయిల్‌లో మార్కులు, టైమింగ్, పరుగు వీడియో జతచేసి, గాయం వల్ల ఒక సీజన్ పోతే స్కాలర్‌షిప్ కొనసాగుతుందా అని సూటిగా అడిగి, జవాబును రాతపూర్వకంగానే తీసుకోవాలి.